అవ్వ అలికిన గోడ

జరిగి దగ్గరికి రండి. చాపకు ఆ కొసన ఇంకా చోటుంది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, చెవులు మాత్రం ఇటు పెట్టండి. నేను చెప్పబోయేది మా ఇంటి గోడ గురించి. గోడ గురించి చెప్పడానికి ఏముంటుందని మీకు అనిపించవచ్చు. ఇన్నేళ్లు గడిచినా అంతుపట్టని ప్రశ్నలు నాకు ఆ గోడ దగ్గరే ఉన్నాయి.

మాది చేవెళ్ల దగ్గర ముడిమ్యాల. ఊరి చివర, చర్చికి పోయే దారి పక్కన రెండు గదుల మట్టిల్లు. బాపు మొయినాబాద్ వైపు ఒక ద్రాక్షతోటలో కావలి ఉండేవాడు, ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో నేనూ మా అవ్వా. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం.

మా అవ్వ మాటలు తక్కువ మనిషి. నాతో మాట్లాడేవన్నీ పని మాటలే. నీళ్లు తెచ్చినవా, కోళ్లను గంప కింద కమ్మినవా, పొయ్యిల బూడిద తీసినవా. ఆమె చెయ్యి నా తల మీద పడ్డ గుర్తు లేదు. నాకు గుర్తున్న చెయ్యి ఎర్రమట్టిలో తడిసిన చెయ్యి. ప్రతి శనివారం పేడా ఎర్రమట్టీ కలిపి గోడ అలికేది. భుజం దగ్గర మొదలుపెట్టి అర్ధచంద్రం గీసినట్టు కిందికి లాగి, దాని పక్కన ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. ఆరాక చూస్తే గోడంతా చేప పొలుసుల్లా ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో.

నాకో అలవాటు ఉండేది. బొగ్గు ముక్క దొరికితే గోడ మీద మనుషులను గీసేదాన్ని. నడిచే మనుషులను. ఒక కాలు గాలిలో ఉన్నప్పుడు రెండో కాలు సరిగ్గా ఎక్కడుంటుంది? చెయ్యి ఎటు పోతుంది? ఇది తెలుసుకోవాలని అరుగు మీద పడుకుని దారిన పోయేవాళ్ల కాళ్లనే చూసేదాన్ని. ఒకాయన ఆగి, "ఏందే, నా చెప్పులు గట్ల జూస్తున్నవు?" అని చెప్పులు చేతిలో పట్టుకుని పోయాడు.

అవ్వ పొలం నుంచి వచ్చి గోడ మీద గీతలు చూడగానే బకెట్టు అందుకునేది.

"గీతలేందే ఇయ్యి? ఎవలన్న జూస్తే మళ్ల ముగ్గులు మొదలువెట్టిన్రంటరు!"

ఆ మాట వెనక సంగతి చెప్పాలి. మా తాతల కాలంలో మావాళ్లు చర్చి సంఘంలో కలిసినప్పుడు కొన్ని మానేశారు, ముగ్గు వాటిలో ఒకటి. పొద్దున్నే ఊళ్లో మిగతా ఇళ్ల ముందు తెల్లటి ముగ్గులుంటే, మా వాకిళ్లు అలికి నున్నగా ఉండేవి. వాకిలి చూస్తే ఎవరి ఇల్లో తెలిసిపోయేది. అందుకే గీత అంటేనే అవ్వకు భయం. అది మనిషా, ముగ్గా అని కూడా చూసేది కాదు. చెయ్యి తడిపేది, చెరిపేది.

తిట్లకు నేను బాధపడలేదు. చెరిపితే చెరపనీ. చెరిపే ముందు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నేనేం గీశానో చూస్తే చాలనిపించేది. ఆ ఏడాదంతా నాకున్న కోరిక అదొక్కటే.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ లేచిన ఏడు. బడికి తాళం పడింది, పంతులు వాళ్ల ఊరికి పోయాడు. బడి మళ్లీ మొదలయ్యాక కూడా నేను పోలేదు, అది వేరే సంగతి. మొయినాబాద్ దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టారు, బస్సులు నిలిచిపోయాయి.

జొన్నకోతలు నడుస్తూ చొప్ప మోపులు ఇళ్లకు చేరే రోజులు. ఒక పొద్దున నేను గోడ దగ్గర ఉండగా, సన్నటి మనిషొకడు, కళ్లద్దాలు, భుజాన తోలు సంచి, దుమ్ముకొట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"కాసిని మంచినీళ్లు ఇస్తావా అమ్మాయ్?"

ఆ ఒక్క మాటతో ఆయన ఎటువైపు మనిషో తెలిసిపోయింది. ఆ రోజుల్లో అట్లాంటి మాట వినబడితే చాలు, తలలు తిరిగేవి. పక్కింటి పెద్దమ్మ చాట పక్కన పెట్టి వచ్చేసింది.

"బస్సుల నోరు తెరిచినవా ఏంది బిడ్డా?"

"కండక్టరుని టికెట్ అడిగానండి."

"అడిగితివి! ఇగ దించకుంట ఉంటరా?"

ఆయన నవ్వాడు. తనను దించినవాళ్లలోనే ఒక పిల్లగాడు సంచి బరువుగా ఉందని దారిలో ఉన్న ఎంకపల్లి దాకా మోసిచ్చాడట, దారి పొడుగునా తిడుతూనే మోశాడట. ఈ మాటకు పెద్దమ్మ పడీపడీ నవ్వింది.

మా చర్చికి పాస్టర్‌గారు నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజులు సంఘపెద్దదే మాట. ఆయన వచ్చి ఈయన్ను కిందికీ మీదికీ చూసి, పడుకోవడానికి బడి తాళం తీయించాడు.

"బస్సులు నడిచేదాంక ఈడనే ఉండు. అన్నం మా ఇంట్ల తిను. నోరు మాత్రం జర తక్కువ తెరువు."

సంచిలో ఉన్నది కెమెరా అని, ఆయన సినిమాలు తీస్తాడని ఆ పూటే ఊరంతా తెలిసింది. పెద్దమ్మ అడగాల్సినవన్నీ అడిగింది.

"ఏ కంపెనీ?"

"కంపెనీ లేదండి. నేనే."

"హీరో ఎవలు?"

"ఎవరూ లేరు. దారిన పోయేవాళ్లనే తీస్తాను."

"పాటలు?"

"లేవు."

"మరి జూసేటోళ్లు?"

"అదే తెలియట్లేదండి."

"ఆడేటోళ్లు లేరు, పాడేటోళ్లు లేరు, జూసేటోళ్లు లేరు. ఇంట్ల వండుకున్న కూర తీరుగున్నది గదయ్యా నీ సినిమా!"

మర్నాడు ఆయన మా గోడ ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో. నా గీతల వైపు అంతసేపు చూసిన మొదటి మనిషి ఆయనే.

"ఈవిడ ఎక్కడికి పోతోంది?"

"చొప్ప మోపు ఎత్తుకొని ఇంటికొస్తున్నది."

"ఎవరీవిడ?"

నేను చెప్పలేదు. ఆమె మా అవ్వే.

అప్పుడాయన ఒక సంగతి చెప్పాడు. ఆ మనిషిని నడిపించవచ్చట. నువ్వొక బొమ్మ గీయి, నేను మీట ఒకసారి నొక్కుతాను. దాన్ని చెరిపేసి కాలు కాస్త ముందుకు పెట్టి మళ్లీ గీయి, మళ్లీ నొక్కుతాను. అన్నీ వరసగా తిప్పితే ఆమె నడుస్తుంది అన్నాడు.

"చెరపాల్నా అన్నా?"

"చెరపాలి. చెరపకపోతే కదలదు."

నాకు నవ్వాగలేదు. "చెరిపెటందుకు మా ఇంట్ల మనిషున్నది."

అట్లా మొదలైంది. మా వాకిట్లో భూమిలో పాతిన రోలు ఉండేది, అది కదలదు కాబట్టి కెమెరా దాని మీద. బడి బీరువాలోని సుద్దముక్కలు నా చేతికొచ్చాయి. అవ్వ పొద్దున కోతకు పోగానే ఒక బొమ్మ. ఆయన వచ్చి టిక్కుమని నొక్కి పోయేవాడు. మధ్యాహ్నం అవ్వ అంబలి తాగడానికి వచ్చి, చూసి, అలికేది. ఆ ఎండకు గోడ ఎంతలో ఆరుతుంది? ఆమె మళ్లీ పోగానే ఇంకొకటి. సాయంత్రం దానికీ అదే గతి. రోజుకు రెండు బొమ్మలు, రెండు అలుకులు.

"నీ చేతులకు ఏం రోగమొచ్చిందే? పొద్దున తుడిస్తి, మళ్ల గీస్తివి! గోడ అలుకుడేనా నాకు, ఇంకో పని లేదా?"

ఇప్పటికీ నాకొకటి అంతుపట్టదు. కోపమొస్తే నాలుగు తగిలించవచ్చు. సుద్దముక్కలు పెంటలో పారేయవచ్చు. ఆమె ఏదీ చేయలేదు. చెరిపి ఊరుకునేది. మర్నాడు మళ్లీ చెరిపేది. ఎందుకు?

ఆమెకు చెప్పకుండా ఆమె చేతనే పని చేయిస్తున్నానని లోపల గుచ్చుకునేది. చెబితే ఆగిపోతుంది. చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంకా రోలు దగ్గర ఉండగానే అవ్వ వచ్చేసింది. ఆయన నీళ్ల కోసం వచ్చినట్టు నిలబడ్డాడు. ఆమె ఆయన్ను పట్టించుకోకుండా బకెట్టు తెచ్చి అలకడం మొదలుపెట్టింది. టిక్కుమన్నది నాకు వినబడింది. ఆమెకు వినబడలేదు.

"ఈడ ఇరికినవని మీ అవ్వకు కబురు వెట్టినవా అయ్యా?" అని గోడ వైపే చూస్తూ అడిగింది.

"మా అమ్మ నాతో మాట్లాడి మూడేళ్లయిందండి."

"ఏం జేసినవు?"

"ఉద్యోగం మానేసి ఈ పెట్టె పట్టుకున్నాను."

"నువ్వు తీసినయ్ జూసిందా?"

"చూడనంది. ఒక్కటి కూడా చూడలేదు."

అవ్వ చెయ్యి గోడ మీద ఆగింది. మట్టినీళ్లు మోచేతి దాకా కారాయి. తరువాత మళ్లీ కదిలింది. "పొల్లా, ఆయనకు నీళ్లియ్యి" అన్నది, అంతే.

అట్లా నెల దాటింది. ఒక ఆదివారం బాపు వస్తూనే కబురు తెచ్చాడు. "రేపటి సంది బస్సులు నడుస్తయట." ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నేను గోడ వైపు చూశాను. గోడ మీది మనిషి సగం దూరమే నడిచింది, ఇల్లు ఇంకా రాలేదు.

ఆయన పోయేముందు అవ్వ దగ్గరికి వచ్చి దాచకుండా అంతా చెప్పాడు.

"అంటే నేను సినిమాల వడ్డనా?"

"మీ చెయ్యి పడిందండి. ఒక్కసారి."

అవ్వ ముఖం నల్లబడింది. నా వైపు చూసింది. ఆ చూపు చెప్పలేను. గంట గడవకముందే పెద్దమ్మ నోటి ద్వారా ఊరికి చేరింది, సంఘపెద్ద మా అరుగు మీదికి చేరాడు.

మా సంఘంలో సినిమా చూసినవాళ్లకు ఆ నెల ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. నెలలో మొదటి ఆదివారం ఆ బల్ల. అవ్వకు ఆ ఒక్క రోజు పండుగ. పెట్టెలోని తెల్లచీర ఆ రోజే బయటికి వచ్చేది.

సంఘపెద్ద గడ్డం గోక్కున్నాడు. "సినిమా జూసినోళ్ల ముచ్చట నాకెరుకే. సినిమాల వడ్డోళ్లను ఏం జెయ్యాల్నో నాకే ఎరుక లేదు. నువ్వు జూసినవా?"

"నేనేం జూడలే. గోడ అలికిన, గంతే."

"మంచిగైంది. ఇగ జూడకు."

అట్లా తేలింది. చూడనంతవరకు ఆమెకు బల్ల దగ్గర చోటుంటుంది. చూస్తే ఉండదు. ఇక నా కోరిక తీరే దారి ఏది?

కెమెరా ఆయన వెళ్లిపోయాడు. ఆ రీలు బొంబాయికి పంపి కడిగించాలట. "మీ అవ్వ కడిగితే బొమ్మ వోతది, ఆళ్లు కడిగితే వస్తదా?" అని పెద్దమ్మ విడ్డూరపడింది. మళ్లీ రాడని కూడా ఆమే చెప్పింది. అవ్వ నాతో పని మాటలు కూడా తగ్గించింది. నేను గీయడం మానేశాను. గోడ మీద చేప పొలుసులు మాత్రం మిగిలాయి.

తొలకరి పడ్డాక, ఒక శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. చేవెళ్లలో బస్సు దిగి నడిచి వచ్చాడు. చేతిలో చిన్న ఇనుప పెట్టె, దానికి ఒక పిడి, ముందు అగ్గిపెట్టెంత అద్దం, లోపల ఆ రీలు. కరెంటు అక్కర్లేదు, ఎండ చాలన్నాడు. అరుగు మీద పెట్టి సూర్యుడి వైపు తిప్పాడు.

నేను కన్ను ఆనించి పిడి తిప్పాను. ఆమె నడిచింది!

మోపు ఎత్తుకుని, ఒక చెయ్యి ఊపుకుంటూ, కాలు తీసి కాలు వేస్తూ నడిచింది. మూడు ఊపిరులు తీసేలోగా అయిపోయింది. అన్ని రోజుల పని అంతే. మళ్లీ తిప్పాను. రెండోసారి కనబడింది నాకు అసలు వింత. ఆమె వెనక గోడ ఊరికే లేదు. అవ్వ రోజుకు రెండుసార్లు అలికింది కదా, ఏ అలుకూ ఇంకో అలుకులా ఉండదు కదా, ఆ పొలుసులన్నీ గాలికి జొన్నచేను ఊగినట్టు ఊగుతున్నాయి. అది నేను గీసింది కాదు. మధ్యలో ఒక్క రెప్పపాటు ఒక చెయ్యి మెరిసి మాయమైంది.

తల ఎత్తేసరికి అవ్వ తలమీద గడ్డిగంపతో వాకిట్లో నిలబడి ఉంది. సంఘపెద్ద కూడా వచ్చి ఉన్నాడు. మర్నాడే నెల మొదటి ఆదివారం.

"అవ్వా, జర జూడు" అన్నాను. నా జన్మలో ఆమెను నేను అడిగింది అదొక్కటి.

అవ్వ సంఘపెద్ద వైపు చూసింది. "నీ ఇష్టం. రేపు బల్ల ఉన్నది" అన్నాడాయన.

ఆమె గంప దించింది. తొట్టి దగ్గరికి పోయింది. ఇక లోపలికి పోతుందనుకున్నాను. చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడిగి, కొంగుతో తుడుచుకుని, వచ్చి అరుగు మీద కూర్చుని పెట్టె మీదికి వంగింది.

పిడి గబగబా తిప్పింది. "నెమ్మదిగా అక్కా" అన్నాడాయన. నెమ్మదిగా తిప్పింది. ఆగింది. వెనక్కు తిప్పింది.

"ఎనుకకు గూడ పోతది గదా" అన్నది తనలో తాను. మళ్లీ ముందుకు తిప్పి, ఒకచోట ఆపింది.

"గిదెవరి చెయ్యి?"

"నీదే."

"గట్లుంటదా నా చెయ్యి?"

ఆమె చివరిదాకా తిప్పి, తల ఎత్తకుండానే అన్నది. "మోపు గట్ల వెట్టుకుంటరా ఎవలన్న? మెడ వట్టుకపోతది. జర ఎనుకకు ఉండాలె." పిడి మీద చెయ్యి తీయకుండానే, "ఇంటికి రానేలేదేం ఈమె?" అని అడిగింది.

"బస్సులు నడిచినయ్ గద అవ్వా, ఆడికే ఆగింది."

సంఘపెద్ద దగ్గి గొంతు సవరించుకున్నాడు. "జూసినవా?"

"జూసిన."

"సినిమానేనా?"

"నా గోడ జూసిన. నా గోడ నేను జూస్తే పాపమెట్లయితది?"

సంఘపెద్దకు నియమం నియమమే కదా. "రేపు బల్ల అయినంక పాస్టర్‌గారిని అడుగుత. ఈ నెల మాత్రం ఆగు" అన్నాడు. అవ్వ తలూపి, గంప తీసుకుంది. లోపలికి పోతూ కెమెరా ఆయన వైపు తిరిగింది.

"అయ్యా, గీ పెట్టె మీ అవ్వ ముంగట వెట్టి కూసో. జూడమని అడుగకు. చేతులు కడుక్కునేదాంక ఆగు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టెతో పాటు ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. వాళ్లమ్మ చూసిందా? ఎన్నిసార్లు అనుకున్నానో. తెలుసుకునే దారి లేకపోయింది.

మర్నాడు చర్చిలో బల్ల వేళకు పెద్దలంతా ముందుకు పోయారు. పిల్లలమూ, బల్లకు పోరానివాళ్లమూ వెనక వరసలో చాప మీద కూర్చునేవాళ్లం. అవ్వ తెల్లచీర కట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చర్చిలో ఆమె నా పక్కన కూర్చోవడం అదే మొదలు. రొట్టె పళ్లెం వెళ్తుంటే చూసింది, కళ్లు నిండాయి. నేను చేసిన పనేనని తల దించుకున్నాను. కొంచెం సేపటికి నా చెవి దగ్గరికి వంగింది. ఎర్రమట్టి వాసన వచ్చింది.

"ఎడమకాలు ముంగట వడ్డప్పుడు ఏ చెయ్యి ఊగుతదే?"

"కుడి చెయ్యి అవ్వా."

ఆమె ఒళ్లో చేతులు కొంచెం కదిలించి చూసుకుంది. ప్రార్థన అయ్యాక బయట సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా, "ఇంతకూ ఎట్ల నడుస్తదే గామె?" అని అడిగాడు. నేను వాకిట్లో నడిచి చూపించాను.

ఆ వచ్చే శనివారం, మిగిలిన ఒక్క సుద్దముక్కతో గీశాను. మోపు కొంచెం వెనక్కు జరిపి గీశాను. అవ్వ బకెట్టుతో వచ్చింది. గోడ ముందు నిలబడింది. మోపు చూసింది, మెడ చూసింది, కాళ్లు చూసింది. "ఆఁ" అన్నది. ఆ తరువాత చెయ్యి తడిపి, పై నుంచి కింది దాకా అలికేసింది.

విన్నారు కదా, ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంటి గోడలు చల్లగా ఉండాలి. మీ పిల్లల వేళ్లకు ఎప్పుడూ మసో సుద్దో అంటి ఉండాలి. చెరిపే చెయ్యి మీ ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, చెరిపే ముందు ఒక్క క్షణం ఆగి చూసే కళ్లు కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. మోపు ఎత్తుకుని బయల్దేరిన మీవాళ్లంతా పొద్దుండగానే ఇల్లు చేరాలి.